సున్నం బొట్టు పెట్టిన సొరకాయ

నాకు మరుపు తక్కువ. క్షమించే గుణం అంతకన్నా తక్కువ. వయసు మీద పడితే మనుషులు మెత్తబడతారంటారు కానీ నేను మెత్తబడలేదు. హైదరాబాదు పాతబస్తీ ఛత్రినాకలో మా ఇంటికీ పక్కింటికీ నడుమ ఒక మట్టి గోడ ఉండేది. ఆ గోడ అవతలి మనిషి నాకు చేసినదీ, నేను ఆమెకు చేసినదీ ఇన్నేళ్ళ తర్వాత రాస్తున్నానంటే తప్పు ఒప్పుకుని చెంపలేసుకోవడానికి కాదు. జరిగింది జరిగినట్టు చెప్పడానికే. చదివాక నన్ను తిట్టుకోవాలనిపిస్తే తిట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

డెబ్బైల మొదట్లో కొత్త కోడలిగా ఆ బస్తీకి వచ్చాను. మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు. రెండు గదులు, రేకుల వంటిల్లు, వెనక చిన్న పెరడు, అంతే మా ఇల్లు. పక్కిల్లు పాలవాళ్ళది. బర్రెల కొట్టం, గడ్డివాము, ఎడ్లబండి తిరిగేంత వాకిలి. ఆ ఇంటి పెద్దకోడలికి అప్పటికే నలభై దాటాయి. గొంతు పెద్దది, పెత్తనం ఇంకా పెద్దది. బస్తీ అంతా ఆమెను పాలింటక్క అనేది. నేనూ అక్కా అనే పిలిచేదాన్ని. పొద్దునా సాయంత్రం ఆమె కొలిచి పోసిన పాలతోనే మా ఇంట్లో చాయ్ కాగేది కాబట్టి మా అత్త ఆమెను చూస్తే కొంగు సర్దుకుని నిలబడేది.

ఏటా మృగశిర కార్తె ముందు, ఎండలింకా మాడుస్తుండగానే, ఒక సాయంత్రం ఆడవాళ్ళంతా పాలవాళ్ళ వాకిట్లో చేరేవారు. పెరడు ఉన్నవాళ్ళు వచ్చేవారు, పెరడు లేక పగిలిన కుండల్లో, నూనె డబ్బాల్లో మొక్కలు పెట్టుకునేవాళ్ళూ వచ్చేవారు. కిందటేడు దాచిన విత్తనాలు తెచ్చి ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకునేవారు. బూడిదలో కలిపిన బీరగింజలు, పాత చీర పేలికల్లో మూటగట్టిన చిక్కుళ్ళు, ఇంకా కాడలతోనే ఉన్న తోటకూర కంకులు. రైల్వేలో పనిచేసే క్రైస్తవుల ఇంటావిడ బొప్పాయి గింజలు ఆరబెట్టి కాగితంలో చుట్టి తెచ్చేది. వెనక గల్లీలోని సాయబుల ఇంటి ఖాలా పుదీనా వేళ్ళు తడిగుడ్డలో పట్టుకొచ్చి, కూర్చోకముందే చాయ్ ఏదని అడిగేది. బేగంబజార్‌లో ప్యాకెట్లలో విత్తనాలు అమ్ముతున్నారని ఎవరైనా అంటే అందరూ మూతి తిప్పేవారు. కొన్న విత్తు కిరాయిదారు లాంటిది, ఏడాది ఉండి వెళ్ళిపోతుంది అనేది అవ్వ. అవ్వ అంటే బస్తీకంతటికీ పెద్ద ముసలమ్మ. ఏది ఆచారమో ఏది కాదో చెప్పేది ఆమే. ఆమె మాట మీద అప్పీలు లేదు.

ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి కొన్ని కట్టుబాట్లు ఉండేవి. విత్తనం చేతికి చేయి ఇవ్వకూడదు, కొంగు ఒడి పట్టి పోయించుకోవాలి. ఒట్టి ఒడితో వచ్చినవాళ్ళు ముందు అడగకూడదు. ఏ విత్తనాన్ని ఎవరు మొదట తెస్తే వాళ్ళ ఇంటి పేరే దానికి నిలిచిపోతుంది. రైల్వేవాళ్ళ బొప్పాయి, ఖాలా పుదీనా అంటూ, తెచ్చిన మనిషి పోయినా ఆ మాట పోదు. ఇంకొకటి కూడా ఉండేది. తీగ గోడ దాటి అవతల కాస్తే ఆ కాయ అవతలివాళ్ళదే, కోసుకుని కూర వండుకున్నా ఎవరూ అడగరు. కానీ విత్తనానికి వదిలిన కాయకు సున్నంతో బొట్టు పెడతారు. బొట్టున్న కాయ ఏ గోడకు వేలాడినా దాన్ని ముట్టుకోకూడదు. పిల్లలకు కూడా తెలుసు ఆ సంగతి.

మా అమ్మ బహదూర్‌పురాలో ఉండేది. బీడీలు చుట్టి మమ్మల్ని పెంచింది. నా పెళ్ళయిన ఏడాది చలికాలంలో పోయింది. కర్మలు కాగానే ఇత్తడి సామాను అన్నలు పంచుకున్నారు, చీరలు వదినలు పంచుకున్నారు. ఆడపిల్లకు ఏమిస్తారు, ఏడ్చే హక్కు ఇచ్చారు. నాకు మిగిలింది, పోయేముందు ఆమే నా కొంగుకు కట్టిన సొరగింజల మూట.

ఆ సొరకాయ గురించి చెప్పాలి. మెడ కొంచెం వంకర, ఒళ్ళు తెల్లటి ఆకుపచ్చ, నిలువునా సన్నటి చారలు. బారెడు పొడుగు పెరిగినా గోరు గుచ్చితే దిగేది. ఉప్పు, పచ్చిమిర్చి వేసి మగ్గబెడితే చాలు, పప్పు అక్కర్లేదు, పులుసు అక్కర్లేదు. వేళ్ళు నాకుతూ తినేవాళ్ళం. దాని గింజ కూడా వేరుగా ఉంటుంది. అంచున మసి గీత, పైన రెండు చెవుల్లా ముడతలు. వెయ్యి గింజల్లో కలిపినా నేను గుర్తుపట్టగలను.

అమ్మ నాకు ఇంకో విద్య కూడా నేర్పింది. సొరపువ్వు మునిమాపు వేళ విచ్చుకుంటుంది. ఆడపువ్వు కింద చిన్న పిందె ఉంటుంది, మగపువ్వు కింద వట్టి కాడే. మగపువ్వును తెంపి ఆడపువ్వు నడుమ అద్దితే పిందె నిలబడుతుంది, లేకపోతే పసుపెక్కి రాలిపోతుంది. బీడీల గంప పక్కన పెట్టి అమ్మ రోజూ సాయంత్రం తీగ దగ్గర ఆ పని చేసేది. చేస్తూ ఒక మాట అనేది.

"చేదుబుర్ర తీగను దీని దరిదాపులకు రానియ్యకు బిడ్డా. దాని పుప్పొడి తాకితే కాయ తియ్యగనే ఉంటది. కడుపుల ఇత్తు చేదైతది. నువ్వు తింటవ్, ఎరుకగాదు. మల్లేడు దాన్ని నాటినోళ్ళు ఉమ్మేస్తరు."

అమ్మ పోయిన ఏడు మృగశిరకు నా మూటలోని గింజలన్నీ నాటాను. అదే నా తెలివితక్కువ. కొన్ని దాచాల్సింది. కొన్ని మొలవలేదు, మొలిచినవాటిని మేకలు కొరికాయి, ఒకే ఒక్క తీగ బతికి గోడెక్కింది. దాన్ని పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. కాసిన కాయలు ఇంట్లో వండుకున్నాం, గోడ అవతల దిగినవి పాలింటక్క కోసుకుంది. ఒక కాయ తిన్నాక గోడ మీంచి తల పెట్టి, ఇంత మంచి సోరకాయ నా జన్మల తినలేదే పిల్లా అంది. నాకు గర్వంగా అనిపించింది. మా అమ్మ కాయ అక్కా అని చెప్పాను.

అన్నిటికన్నా నిండైన కాయ గోడ అవతల, ఆమె కొట్టం వైపు దిగింది. దాన్నే విత్తనానికి వదిలాను. గోడ మీద నుంచి వంగి సున్నం బొట్టు పెట్టాను. ఆమె చూస్తుండగానే పెట్టాను. వచ్చే ఏడు ఆ వాకిట్లోకి నిండు ఒడితో పోవాలని, ఈ విత్తనాన్ని అందరూ బహదూర్‌పురా అమ్మ సోర అని పిలవాలని నా ఆశ. మా అమ్మ పేరుతో ఈ లోకంలో ఒక ఇటుక కూడా లేదు. ఒక విత్తనానికైనా ఉండాలనుకున్నాను.

దీపావళి దాటి కాయ గట్టిపడి, రంగు తిరుగుతున్న రోజుల్లో ఒక పొద్దున చూస్తే తీగకు తొడిమ మాత్రం ఉంది. కత్తితో కోసిన తొడిమ. కోతులైతే పీకుతాయి, కొయ్యవు. అడిగితే పాలింటక్క కోతులే అంది, ఏ కాయ అంది, నాకేమెరుక అంది. నా కళ్ళలోకి చూస్తూనే అంది. ఇంట్లో చెబితే మా ఆయన, ఒక్క సోరకాయకు లొల్లి ఏందని నవ్వాడు. మా అత్త పాలు బందవుతాయని నా నోరు మూసింది. తీగ ఎండిపోయింది. నా దగ్గర ఒక్క గింజ లేదు.

మళ్ళీ మృగశిర వచ్చింది. నేను ఆ వాకిట్లోకి ఒట్టి ఒడితో పోయాను. పోకుండా ఉండాల్సింది, కానీ కాయ దొంగ ఎవరో తేలుతుందేమోనన్న ఆరాటం ఆగనివ్వలేదు. తేలింది. అందరూ కూర్చున్నాక పాలింటక్క లోపలి నుంచి కొత్త చాట నిండా సొరగింజలు తెచ్చి నడుమ పెట్టింది. అంచున మసి గీత, పైన రెండు చెవులు.

"గిది మా అత్త పుట్టింటి సోర. ఏడు తరాల సంది వస్తున్నది. ఇన్నేండ్లు మా ఇంటిమందమే పెట్టుకున్నం, ఈసారి అందరికి ఇద్దామనుకున్న" అంది.

లేచి నిలబడి, ఇవి మా అమ్మ ఇత్తులు, బొట్టు పెట్టిన కాయవి అన్నాను. ఆమె తడబడలేదు. నా వైపు జాలిగా చూసింది. ఆ జాలే నన్ను ఎక్కువ మండించింది.

"మీ అమ్మయైతే నీ ఒళ్ళె ఎందుకు లేవు చెల్లె? ఒట్టి ఒడితోని వచ్చి మందివి నావంటే ఎట్ల?" అని అవ్వ వైపు తిరిగి, "తల్లిలేని పిల్ల, ఆశపడ్డది. పోనీ తియ్యి" అంటూ ఒక గుప్పెడు గింజలు తీసి నా కొంగులో పోసింది.

అత్త సొమ్ము అల్లుడు దానం చేయడమంటే విన్నాను కానీ, నా సొమ్ము నాకే దానం చేయడం అప్పుడే చూశాను. కొంగు రెండు చేతులా పట్టుకుని ఒక్కసారి దులిపాను. గింజలన్నీ మట్టిలో పడ్డాయి. అవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. ఒళ్ళో పడ్డ విత్తును దులపడమంటే బస్తీలో ఎవరూ చేయని పని. లక్ష్మిని కాలితో తన్నడమే. దొంగ అక్కడే చాట పట్టుకుని కూర్చుంది, తప్పు నాదైంది. అవ్వ నన్ను బయటికి పొమ్మంది. పాలవాళ్ళ కోళ్ళు నా వెనకాలే వచ్చి గింజలు ఏరుకు తినడం మొదలుపెట్టాయి.

ఆ రాత్రి తిండి తినలేదు. ఏడవలేదు కూడా. పాలింటక్క ఆ విత్తు నాటనీ, పంచనీ, ఆ పేరు మోయనీ. నేను మాత్రం ఆ పేరును ఆమె గొంతుకే ఉరిలా బిగిస్తానని అనుకున్నాను. పగ అంటే మంట అంటారు కదా, నాకైతే చల్లగా హాయిగా అనిపించింది. ఏం చేయాలో తెలిశాక నిద్ర పట్టింది.

మా అటక మీద ఒక పాత సొరబుర్ర ఉండేది. మా మరిది చిన్నప్పుడు దాన్ని నడుముకు కట్టుకుని బావిలో ఈత నేర్చుకున్నాడట. అలాంటి బుర్రలన్నీ చేదుసొరవే. తీపి కాయను ఎండబెట్టి పాడుచేసుకునే వెర్రివాళ్ళు ఎవరూ ఉండరు. పైగా చేదుదానికే పెచ్చు మందం. దించి ఊపితే లోపల గింజలు గలగలలాడాయి. రోకలితో పగలగొట్టి, ఆ గింజలు గోడ వారనే నాటాను. అవి మాత్రం ఒక్కటీ పోకుండా మొలిచాయి. చేదుకు మేకల భయం కూడా లేదు.

వానలు పడ్డాక రెండు తీగలు రెండు వైపుల నుంచీ గోడెక్కాయి. ఆమెవైపు మా అమ్మ తీగ, నావైపు చేదు తీగ. నా తీగకు పిందె కనిపిస్తే చాలు గిల్లి పారేసేదాన్ని. కాయ కాస్తే మా అత్త కోసి వండుతుంది, గుట్టు బయటపడుతుంది. నాకు కావలసింది మగపువ్వులే. ఇంత తీగ పారి ఒక్క కాయ కాయలేదేమే, గొడ్డు తీగ, పీకెయ్యి అని మా అత్త గోల పెట్టేది. పెరటికి నీడగా ఉంటుందిలే అని సర్ది చెప్పేదాన్ని.

మునిమాపు వేళ పాలింటక్క బర్రెలు పిండేది. గోడ అవతల చెంబులో పాలధార పడే చప్పుడు వినబడుతున్నంత సేపూ ఆమె లేవదని నాకు తెలుసు. రోలు బోర్లేసి దాని మీదెక్కి, నా చేదు తీగ నుంచి మగపువ్వు తెంపి, చెయ్యి చాచి, అటువైపు విచ్చుకున్న ఆడపువ్వుల్లో ఒక్కొక్కదానికీ అద్దేదాన్ని. అమ్మ ఎలా నేర్పిందో అలాగే, రేకులు నలగకుండా, వేలు తగలకుండా. అమ్మ ఏ పని చేయవద్దందో ఆ పనే అమ్మ నేర్పిన చేత్తో చేశాను.

ఆ తీగ మా అమ్మదే అని నాకు తెలియదా అంటే తెలుసు. అద్దిన ప్రతి పువ్వుతోనూ దాన్ని కడుపులోనే చంపుతున్నానని తెలుసు. ఒక సాయంత్రం పువ్వు చేతిలో పట్టుకుని కొంతసేపు ఆగాను కూడా. అవతల పాలింటక్క ఎవరికో చెబుతోంది, మా అత్త పుట్టింటి సోర, గీ బస్తీల గసొంటిది లేదు అని. నా చెయ్యి మళ్ళీ కదిలింది. నాకు దక్కనిది ఆమెకు దక్కితే నేను బతికి దండగ అనిపించింది.

పిందెలు బాగా నిలిచాయి. ఆమె మురిసిపోయింది. కాయలు తియ్యగానే ఉన్నాయి, ఉంటాయని నాకు తెలుసు. ఒక బ్రహ్మాండమైన కాయకు సున్నం బొట్టు పెట్టింది. ఆ కాయను నేను కోతుల నుంచి కాపాడాను. నిజం, కర్ర పట్టుకుని గోడ దగ్గర నిలబడి కాపలా కాశాను. మా అత్త అది చూసి, ఇరుగుపొరుగుతో సఖ్యత నేర్చుకున్నానని సంబరపడింది.

మరుసటి ఏడు మృగశిరకు ముందు అవ్వ దగ్గరికి వెళ్ళి కాళ్ళకు దండం పెట్టి, తప్పయింది, నన్ను మళ్ళీ రానివ్వమని అడిగాను. రమ్మంది. నిండు ఒడితో కొత్తిమీర, గోంగూర గింజలు పట్టుకుని పోయాను. పాలింటక్క ఈసారి పెద్ద గంపలో తెచ్చింది సొరగింజలు. కిందటేడు తీసుకున్నవాళ్ళలో చాలామందికి మొలకలు ఎండకు పోయాయి, కాసిన ఒకరిద్దరు కాయలన్నీ లేతగానే తినేశారు, కాబట్టి ఈ ఏడు అందరూ ఆమె గంప మీదే పడ్డారు. నేను కూడా కొంగు పట్టి, చాలా వినయంగా అడిగాను.

"అక్కా, గిది ఎవరి ఇత్తనమో మల్లొక్కసారి చెప్పు. కొత్తగ వచ్చినోళ్ళకు ఎరుకలేదు."

ఆమెకు అంతకన్నా ఏం కావాలి. ఏడు తరాలు తొమ్మిది తరాలయ్యాయి. వాళ్ళ అత్త పుట్టింట్లో దీన్ని దేవుడి గూట్లో పెట్టి పూజించేవారట. ఒకసారి నవాబుగారి దివాణం నుంచి మనిషి వచ్చి అడిగితే ఇవ్వలేదట. వాకిలంతా నోరు తెరుచుకుని వింది. అవ్వ కూడా తలూపింది. నేను అందరికన్నా ఎక్కువ తలూపాను. ఆ గింజల్ని ఇంటికి తెచ్చి పొయ్యిలో వేశాను, చిటపట పేలాయి.

ఇక వాన కోసం, కాపు కోసం ఎదురుచూడటమే. బోనాలప్పటికి బస్తీలో ప్రతి గోడ మీదా, ప్రతి రేకు మీదా సొరతీగే. బతుకమ్మ రోజులు వచ్చేసరికి కాయలు దిగాయి. కూర వండేముందు సొరకాయ ముక్క కోసి నాలుక మీద పెట్టి చూడటం ప్రతి ఆడదానికీ అలవాటు. మొదట రైల్వేవాళ్ళ ఇంటావిడ ఉమ్మింది. తర్వాత వెనక గల్లీలో ఖాలా, సత్యనాశ్ అంటూ కాయను మురుగు నాలాలోకి విసిరింది. తర్వాత ఒక్కొక్క ఇల్లూ. ఏ తీగ కాయ కోసినా చేదే. నాలుక మీద పెట్టగానే కళ్ళలో నీళ్ళు తిరిగే చేదు. మొదట ఎవరికి వారు తమ మట్టిలో ఏదో దోషం ఉందనుకున్నారు. నీళ్ళ పంపు దగ్గర బిందెలు పెట్టి మాట్లాడుకున్నాక గానీ అందరిదీ ఒకే చేదని తెలియలేదు. నేను బిందె నింపుకుంటూ అన్నీ విన్నాను. నవ్వు ఆపుకోవడానికి పెదవి కొరికి కొరికి పుండు పడింది.

పాలింటక్కకు ఆ సంగతి ఇంకా చేరలేదు. చేదని ఆమె మొహం మీద చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు, ఆమె తన తీగ కాయలు దసరా చుట్టాల కోసం దాచింది. దసరాకు వియ్యాలవారు వచ్చారు. సొరకాయ తురిమి, ఇంటి పాలు ఇంకేదాకా మరగబెట్టి, చక్కెర పోసి, పెద్ద గుండిగ నిండా ఖీర్ చేయించింది. పాలకు కొదవలేని ఇల్లు. కాయ తమది కదా, తొమ్మిది తరాలది కదా, రుచి చూడటమెందుకు అనుకుందేమో. వియ్యపురాలు మొదటి చెంచా నోట్లో పెట్టుకుని గిన్నెలోనే ఉమ్మేసిందట. గుండిగ మొత్తం తీసుకెళ్ళి కుడితి తొట్లో పోస్తే బర్రె మూతి పెట్టి వెనక్కి తీసుకుంది. ఆ చివరిది నేను నా కళ్ళతో గోడ మీంచి చూశాను. పండగ పూట అంతకన్నా మంచి పిండివంట నేను ఎరగను.

మర్నాడు ఆడవాళ్ళంతా ఆమె వాకిట్లో చేరారు. మృగశిర కాదు, ఎవరూ పిలవలేదు. కొందరు కొంగుల్లో చేదుకాయలు తెచ్చి గుమ్మం ముందు కుప్ప పోశారు. అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను గోడ పక్కన నిలబడ్డాను. అవ్వ గొంతు పెంచకుండానే అడిగింది.

"ఏమిచ్చినవే మాకు? తొమ్మిది తరాల ఇత్తనమన్నవ్. మీ అత్త పుట్టింటోళ్ళు గిసొంటిది తిని బతికిన్రా?"

దొంగకు తేలు కుట్టినట్టయింది పాలింటక్క పని. తన విత్తనమే అంటే బస్తీకి చేదు పెట్టినది తానవుతుంది, కాదంటే దొంగ అవుతుంది. ఇటు చూసింది, అటు చూసింది. లోపల వియ్యాలవారు ఇంకా వెళ్ళలేదు, తలుపు చాటు నుంచి వింటున్నారు. నీళ్ళు నమిలి నమిలి, చివరికి గోడ దగ్గర నా వైపు వేలు చూపింది.

"నాది కాదవ్వా. దీని తల్లిది. బొట్టు పెట్టిన కాయనే, కొట్టంకెల్లి తెంపిన."

ఆ మాట కోసం నేను రెండేళ్ళు ఎదురుచూశాను. అందరి తలలూ నా వైపు తిరిగాయి. అవ్వ కూడా తిరిగింది. చేదు విత్తు నా తల్లిదేనా అని అడుగుతుందేమో, ఇప్పుడు ఆ నింద అమ్మ మీద పడుతుందేమో అని భయపడ్డాను. అడిగితే ఏం చెప్పాలో నేను ఆలోచించి పెట్టుకోలేదు. కానీ అవ్వ అడగలేదు. కర్ర ఎత్తి నేల మీద ఒక్క దెబ్బ కొట్టింది.

"గందుకే చేదైంది. సున్నం బొట్టు కాయను దొంగిలిస్తే కాకుంటే ఏమైతది? పోయిన తల్లి ఊరుకుంటదా?"

దానితో తీర్పు అయిపోయింది. వాకిట్లో ఉన్న ప్రతి ఒక్కరూ దాన్ని నమ్మారు. ఖాలా చెవులు పట్టుకుని తౌబా అంది. అన్నిటికన్నా విచిత్రం, పాలింటక్క కూడా నమ్మింది. నావైపు చూసిన ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది. మా అమ్మకు భయపడింది. బీడీలు చుట్టిన మా అమ్మకు బతికుండగా ఎవరూ భయపడలేదు. నాకు కడుపు నిండిపోయింది. అందరూ వచ్చి నా చేతులు పట్టుకున్నారు, ఆ రోజు నీ మాట వినలేదు బిడ్డా అని అవ్వ నా తల నిమిరింది. నేను నిజం చెప్పలేదు. ఎందుకు చెప్తాను?

బస్తీలో తీగలన్నీ పీకి కాల్చేశారు. అప్పటి నుంచి మృగశిర కూడిక అవ్వ ఇంటి ముందుకు మారింది. పాలింటక్క దానికి రావడం మానేసింది. పాలు మాత్రం పోసేది. నాకు కొలతకు మించి ఒక చెంబు ఎక్కువే పోసేది. నేను వద్దనలేదు, మెచ్చుకోనూ లేదు.

కొన్నేళ్ళు గడిచాక, ఒక మృగశిర ముందు రోజున, ఆమె గోడ దగ్గరికి వచ్చి నిలబడింది. జుట్టు నెరిసి మనిషి సగమైంది. కొడుకులు బర్రెలు అమ్మేసే మాటల్లో ఉన్నారు. నేను పెరట్లో పాదులు తవ్వుతున్నాను. గొంతు తగ్గించి, మొహమాటపడుతూ అడిగింది.

"చెల్లె, మీ అమ్మ అసలు ఇత్తు, తియ్యటిది... ఒక్కటన్న దాచిపెట్టుకున్నవా? గా తొల్త తిన్న కాయ రుచి ఇంకా నోట్ల ఉన్నది. సచ్చేలోపు ఇంకొక్కసారి తినాల్నని."

మాయ చేస్తోందేమోనని ఆమె మొహంలోకి చూశాను. మాయ లేదు. ఆ కాయ రుచి తెలిసి, దాని కోసం ఆశపడుతున్న మనిషి ఈ భూమ్మీద నేను కాక ఆమె ఒక్కతే. నా దగ్గర ఒక్క గింజ లేదు. ఎవరి దగ్గరా లేదు. లేదని చెబితే ఆమె ఆశ ఆ రోజుతో తెగిపోయేది, ఇద్దరం గోడకు చెరోపక్కన నిలబడి ఏడ్చి ఉండేవాళ్ళమేమో.

"ఉన్నయి అక్కా" అన్నాను. "నీకు మాత్రం ఇయ్య."

ఆమె లోపలికి పోయింది. ఆ తర్వాత ఎప్పుడు వాన పడినా గోడ మీంచి నా పెరట్లోకి చూస్తూ ఉండేది, మొలక కనిపిస్తుందేమోనని. నేను గోడ వారన ఒక పాదు తవ్వి, చుట్టూ ముళ్ళకంప పెట్టి, ఆమె చూస్తుండగా రోజూ ఆ వట్టి మట్టికి నీళ్ళు పోసేదాన్ని.